ఆ ట్యాంకు బుస ఆగినప్పుడు

మా షెడ్డు జూలూరుపాడు దాటాక, కొత్తగూడెం రోడ్డు నుంచి పక్కకు తిరిగే మట్టిదారి చివర ఉండేది. మూడు వైపులా మిరప చేలు, వెనక అడవి. అంతకు ముందు అది కోళ్ళఫారం. మా సార్ దాన్ని కిరాయికి తీసుకుని నేలంతా సిమెంటు చేయించి, గోడలకు సున్నం మీద సున్నం కొట్టించినా, వాన పడితే మాత్రం కోళ్ళ వాసన వచ్చేది. కంపెనీ ఆఫీసు హైదరాబాదులో. ఇక్కడ ఉండేది ఆయనా నేనూ.

సార్‌ది సత్తుపల్లి వైపు వ్యవసాయ కుటుంబం. చాలా ఏళ్ళు రాకెట్ ఇంజన్ల పనిలో ఉండి, బయటికొచ్చి, చిన్న చిన్న ఉపగ్రహాలకు ఇంజన్లు తయారుచేసే కంపెనీ పెట్టారు. నాది ఇల్లందు. నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, లెక్చరర్ ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి ఈ కోళ్ళఫారంలో తేలాను. భూమి లోపలికి దిగే పనైతే కాదు గదా అని మాత్రం అడిగాడు నాన్న. కాదన్నాను. ఆయనకు అది చాలింది.

నా పని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్ముతారే, అదే. కాకపోతే ఆ సీసాలో ఉండేది దాదాపు అంతా నీళ్ళు. మా డబ్బాల్లో నీళ్ళ పాలు చాలా తక్కువ. రంగుండదు, వాసన అంతగా ఉండదు, గ్లాసులో పోసి పక్కన పెడితే ఎవరైనా మంచినీళ్ళే అనుకుంటారు. కాని దానికి పడని వస్తువు తగిలిందా, ఆవిరిగా ఆక్సిజన్‌గా విడిపోతుంది. విడిపోతూ వేడెక్కుతుంది. వేడెక్కిన కొద్దీ ఇంకా జల్దీ విడిపోతుంది. ఇంజన్‌లో మాకు కావలసింది అదే. నిలవ ఉంచేటప్పుడు మేము భయపడేదీ దానికే.

అందుకని, ఏ పాత్రలో పోస్తే అది కుదురుగా ఉంటుందో తేల్చడం నా ఉద్యోగం. రకరకాల లోహాల, ప్లాస్టిక్‌ల పట్టీలు కత్తిరించి, శుభ్రం చేసి, గాజు ఫ్లాస్కుల్లో పెరాక్సైడ్ పోసి అందులో వేసి, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో వారాల తరబడి ఉంచేదాన్ని. కొన్ని పట్టీల చుట్టూ సోడాలో లేచినట్టు బుడగలు లేచేవి. ఇత్తడి ముక్క వేసినప్పుడైతే, అతి పలచని దాంట్లో కూడా, గ్లాసు పొంగి బల్లంతా తడిసింది. ఒక రకం రబ్బరు నానిన అటుకుల్లా మెత్తబడి చేతికి అంటుకుంది. మంచి అల్యూమినియం బుద్ధిగా ఉండేది. ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీల్, యాసిడ్‌తో కడిగి పెడితే, అంతకంటే బుద్ధిగా ఉండేది. ఆ పట్టీ ఫ్లాస్కు అడుగున వారాలకు వారాలు ఒక్క బుడగ లేకుండా పడుకుంది. రోజూ పొద్దున షెడ్డు తలుపు తీయగానే ముందు దాన్నే చూసేదాన్ని. దాని మీద నాకు ఒక రకమైన ఇష్టం కూడా ఏర్పడింది.

ఆ స్టీలు రేకు ఇచ్చింది ముదిగొండ మనిషి. ఖమ్మంలో ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, గ్రిల్సు చేసేవాడు గాని, అసలు పేరు మాత్రం పాల ట్యాంకుల వల్ల వచ్చింది. ఆయన వేసిన జాయింటు మీద వేలు పెట్టి నడిపితే ఎక్కడ రేకు అయిపోయిందో, ఎక్కడ అతుకు మొదలైందో తెలిసేది కాదు. నన్ను బిడ్డా అనేవాడు. నేను బాబాయ్ అనేదాన్ని. అదే రేకుతో పెరాక్సైడ్ నిలవ ఉంచే ట్యాంకు చేసే పని కూడా ఆయనకే ఇచ్చాం. అది నిజంగానే పైకి పోతుందా అని ఎన్నిసార్లు అడిగాడో. ఇది పోదు, దీన్ని పరీక్షకే వాడతాం, దీని లాంటిది ఇంకా చిన్నది పోతుంది అని చెప్పినా ఆయన చెవికెక్కలేదు. తన ట్యాంకు ఆకాశానికి పోతోందని గల్లీ అంతా చెప్పుకున్నాడు.

ట్యాంకు తయారయ్యాక నీళ్ళు నింపి, పైనున్న గాలి టాప్ మూసి, ప్రెషర్ పెట్టి చూశాడు. చుక్క కారలేదు. తరువాత సార్ దగ్గరుండి లోపలంతా యాసిడ్‌తో కడిగించారు, శుభ్రమైన నీళ్ళతో కడిగించారు, ఆరాక మూతికి కవరు చుట్టి ఉంచమని చెప్పి వచ్చారు. ఆ తరువాతి వారం మిరప ఏరుడు జోరుగా ఉన్న రోజుల్లో, ఒకరోజు పొద్దున్నే ట్రాలీ ఆటోలో ట్యాంకు వచ్చింది. వెనకే బండి మీద ఆయనా వచ్చాడు. నింపేది చూసిపోతానన్నాడు. సార్ కాదనలేకపోయారు. ఇసుక బస్తాల గోడ ఇవతలే ఉండాలని మాట తీసుకున్నారు.

ఆ పొద్దున ట్యాంకులో సగం దాకా నింపాం. పైనున్న టాప్ తెరిచే ఉంచాం; లోపల పుట్టే కాస్త గ్యాసు బయటికి పోవడానికి. ట్యాంకుకు అమర్చిన థర్మామీటర్ అంకెలు బస్తాల గోడ ఇవతల చిన్న డబ్బా మీద కనబడేవి. అంకె కదలలేదు. ముగ్గురం వేపచెట్టు కింద కూర్చుని అన్నం తిన్నాం. బాబాయ్ భార్య బీరకాయ కూర, గోంగూర పచ్చడి కట్టి పంపింది. సార్ రెండోసారి పచ్చడి వేయించుకుని, వాళ్ళ అమ్మ చేసిన దాంట్లో వెల్లుల్లి ఎక్కువ ఉండేదని ఏదో చెబుతున్నారు. నేను చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళి డబ్బా చూశాను. అంకె మారింది.

ఎండకు అయ్యుంటుందనుకున్నాను. బయటి వేడి కొలిచే మీటరు చూశాను. అది అలాగే ఉంది. మళ్ళీ డబ్బా చూశాను. ఈ మధ్యలోనే ఇంకొంచెం పెరిగింది. సార్‌ను పిలిచాను. ఆయన చేతికి పచ్చడి అలాగే ఉంది. డబ్బా వైపు చూశారు. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం నా కళ్ళతో చూశాను.

"చేలో కూలీలున్నారు. ముందు వాళ్ళను పంపించెయ్యమ్మా," అన్నారు.

ఆయన ట్యాంకు మీద నీళ్ళు చల్లే పైపు విప్పారు. ట్యాంకు అడుగు నుంచి నీళ్ళ గుంటలోకి పోయే గొట్టాన్ని తెరిచే తీగ లాగారు. అది సన్నటి గొట్టం, ట్యాంకు ఖాళీ కావడానికి చాలా టైము పడుతుంది. బాబాయ్‌ని రోడ్డు మీదికి వెళ్ళిపొమ్మని గట్టిగా చెప్పారు. ఆయన సరేనని గేటు వైపు నడవడం చూసి, నేను కంచె దగ్గరికి పరుగెత్తాను.

చేలో ఆడవాళ్ళు వరుసగా వంగి కాయలు ఏరుతున్నారు. అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. పొండి, దూరం పొండి అని అరిచాను. తలెత్తి నన్ను వింతగా చూశారు. చేతులతో తోసినట్టు చూపించాను. అందరికంటే పెద్దావిడ ఒకామె నా ముఖం చూసి ఒకే ఒక్క మాట అంది. ఆ మాటేమిటో నాకు తెలియదు. గోనె సంచులు అక్కడే వదిలి అందరూ చేను అవతలికి కదిలారు. ఆమె మాత్రం మంచినీళ్ళ బిందె చంకన పెట్టుకుని, వెళ్ళలేదు, నన్నే చూస్తూ నిలబడింది.

అప్పటికే షెడ్డులోంచి బుస వినబడుతోంది. కుక్కర్ విజిల్‌కు ముందు వచ్చే చప్పుడులాంటిది, దానికి ఎన్నో రెట్లు. నేను వెనక్కి తిరిగాను. తెరిచి ఉన్న తలుపులోంచి ట్యాంకు కనబడుతోంది. ట్యాంకు పక్కన బాబాయ్ ఉన్నాడు.

గేటు దాకా పోయినవాడు ఎప్పుడు వెనక్కి వచ్చాడో. సార్ అవతలి గోడ దగ్గర పైపుతో ఉన్నారు, ఆయనకు కనబడలేదు. బాబాయ్ పైనున్న టాప్ మీద చెయ్యి వేశాడు. ముట్టకు అని అరిచాననే అనుకున్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయన టాప్ తిప్పాడు.

బుస ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దాన్ని ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. పిట్ట అరిచింది. ఎక్కడో దూరంగా ట్రాక్టరు పోతోంది. బాబాయ్ నా వైపు తిరిగి నవ్వాడు. కారుతున్నది ఆగింది, ఇంక భయపడకు అన్నట్టు చెయ్యి ఊపాడు కూడా. ముప్ఫై ఏళ్ళుగా చప్పుడొచ్చిన చోటల్లా బంద్ చేసిన చెయ్యి అది.

సార్ వచ్చి ఆయన చొక్కా పట్టుకుని ఈడ్చారు. పెద్దమనిషిని అలా ఈడ్చుకు రావడం చూసి, ఆ క్షణంలో కూడా, అయ్యో అనిపించింది నాకు. ఇద్దరూ బస్తాల గోడ ఇవతల పడ్డారో లేదో ట్యాంకు చీలింది.

చప్పుడు నాకు గుర్తు లేదు. నేల కింద నుంచి ఎవరో తన్నినట్టు అయింది. షెడ్డు రేకులు లేచి, గాలిలో నింపాదిగా తిరుగుతూ మిరప చేలో పడ్డాయి. తలుపులోంచి తెల్లటి ఆవిరి మబ్బులా వచ్చింది. దాంట్లోంచి సార్, బాబాయ్ ఒకరినొకరు పట్టుకుని బయటికొచ్చారు. బతికే ఉన్నారు అనుకున్నాను. అంతలో బాబాయ్ చొక్కా చెయ్యి తడిసి ఉండటం చూశాను. తడి మీద సన్నగా పొగ లేచింది. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు, ఎక్కడా మంట లేదు. చూస్తుండగానే ఆ నూలు చొక్కా తనంతట తాను అంటుకుంది.

పుస్తకంలో చదివాను. నూలు మీద, కట్టె మీద పడితే అంటుకుంటుందని నేనే రాసి గోడకు అంటించాను. అయినా మనిషి ఒంటి మీద తడి బట్ట మండటం చూసి కదల్లేకపోయాను. ఆ పెద్దావిడ నన్ను దాటుకుని పోయి బిందెలోని నీళ్ళన్నీ ఆయన మీద కుమ్మరించింది. తరువాత సార్ పైపు తెచ్చి పోస్తూనే ఉన్నారు. బాబాయ్ చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా సున్నంలో ముంచి తీసినట్టు తెల్లగా అయిపోయింది. ఆయన దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఇది ఎవరిదన్నట్టు చూసుకున్నాడు.

ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయాం. ప్రాణభయం లేదన్నారు. కుడి చెవి వినబడదన్నారు. ఆయన భార్య వచ్చి మంచం పక్కన కూర్చుంది గాని, మమ్మల్ని ఏమీ అడగలేదు.

నేను ఇల్లందు వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున అమ్మ పొయ్యి మీద కుక్కర్ పెట్టింది. అది బుసకొట్టడం మొదలుపెట్టగానే నేను వాకిట్లోకి వచ్చి పడ్డాను. ఎలా వచ్చానో తెలియదు, తలుపు తగిలి నుదురు కమిలింది. నాన్న వెళ్ళి పొయ్యి ఆపేశాడు. ఏమైందని అడగలేదు. బాయి కూలిన రోజుల్లో ఇంటికి వచ్చి తను కూడా ఎవరితో ఏమీ చెప్పేవాడు కాదు. తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "అందరు బయటికొచ్చిన్రా?" అన్నాడు. వచ్చారన్నాను. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ అమ్మ గిన్నెలోనే అన్నం వార్చింది.

తిరిగి షెడ్డుకు వెళ్ళినప్పుడు ఇంకొకటి చూశాను. కంచె అవతల కల్లంలో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా ఉండాల్సినవి చుక్కలు చుక్కలుగా తెల్లబడ్డాయి, బొల్లి వచ్చినట్టు. ఆవిరితో పాటు ఎగిరిన తుంపరలు అంత దూరం పడ్డాయి. ఆడవాళ్ళు వదిలిన గోనె సంచులు ఆ కల్లం పక్కనే ఉన్నాయి. వాళ్ళు కదలకపోయి ఉంటే ఆ చుక్కలు ఎక్కడ పడేవో తలచుకుంటూ ఆ సంచుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. ఆ కల్లంలోని కాయలన్నీ సార్ కొనేశారు. చేను యజమాని కోప్పడలేదు. షెడ్డు ఖాళీ చేయమని మాత్రం నెమ్మదిగా చెప్పాడు. చేస్తామన్నాం.

చీలిన ట్యాంకు ముక్కల్ని సార్, నేను ఏరి నేల మీద పరిచాం. నా పట్టీ, ఈ ట్యాంకు ఒకే రేకులోంచి వచ్చినవి. ట్యాంకు నింపేముందు జాగ్రత్తకని బయటి గదికి మార్చిన ఫ్లాస్కులో పట్టీ అప్పటికీ బుడగ లేకుండా ఉంది. ట్యాంకు లోపల మాత్రం చివరి జాయింటు పొడుగునా సన్నటి గోధుమరంగు గీత. తుప్పు. తుప్పు పట్టని స్టీలు మీద తుప్పు. సార్ దాని మీద వేలు పెట్టి చూసి, నన్ను చూశారు. ఇద్దరికీ అర్థం కాలేదు.

దవాఖానాకు వెళ్ళాను. బాబాయ్ ముందు ట్యాంకు గురించే అడిగాడు, మొత్తం పోయిందా అని. యాసిడ్‌తో కడిగి కవరు చుట్టాక దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఎవరూ ముట్టలేదన్నాడు. తరువాత గుర్తు చేసుకుని, ఆయన ముఖం కొంచెం వెలిగింది.

"తెల్లారి కవరిప్పి చూసిన. ఆఖరి జాయింటు కాడ నల్లగ మచ్చ గనబడ్డది. మూతిల నుంచి చెయ్యి వెట్టి వైర్ బ్రష్‌తోని తోమిన. అద్దం లెక్క మెరిసింది. పైకి పోయేది గదా బిడ్డా, మచ్చతోని ఎట్ల పంపుత?"

ఆ బ్రష్ నాకు తెలుసు. ఇనుప బ్రష్. గేట్లు తోమేది, గ్రిల్సు తోమేది. దాని పొడి ఆ జాయింటులో కూరుకుని, కంటికి కనబడకుండా ఉండిపోయింది. మేము దాని మీద పెరాక్సైడ్ పోశాం. ఇనుము దానికి బొత్తిగా పడదు. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు గాని నాకు వినబడటం లేదు. నా ముఖం చూసి మధ్యలోనే ఆపేశాడు.

"బ్రష్షా?" అన్నాడు.

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. "అవ్ బాబాయ్," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అప్పటిదాకా మాట్లాడని ఆయన భార్య లేచి నిలబడింది.

"బ్రష్ వెట్టొద్దని మీరు చెప్పిన్రా ఆయనకు?"

"చెప్పలేదు పిన్నీ."

"పాలకైతే పాలకని చెప్తరు, నీళ్ళకైతే నీళ్ళకని చెప్తరు. గిది ఏం చేస్తదో మీ ఇద్దరికి ఎరుకనే గదా. ఆయనకెందుకు చెప్పలే?"

గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే బాగుండేది. ఏం చేయాలో చెప్పాం గాని ఎందుకు చేయాలో చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. అది ఆమెతో అనలేకపోయాను. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు సార్ వచ్చి, తప్పు తనదేనని ఆ దంపతులిద్దరికీ చెప్పారు. బాబాయ్ ఒప్పుకోలేదు. బ్రష్ సంగతి వదిలి, టాప్ బంద్ చేసింది నేనే గదా సార్ అంటూ మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. సార్ ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"శబ్దం వస్తే కట్టెయ్యడం నీ పని. కట్టెయ్యడానికి వీలుగా అక్కడ టాప్ పెట్టించింది నేను," అన్నారు.

ఆ తరువాత మేము చేలకు, ఊళ్ళకు దూరంగా, బండరాళ్ళ గుట్టల మధ్య వేరే చోటు చూసుకున్నాం. మూసే టాపులు తీసేశాం. పట్టీతో పాటు తయారైన ట్యాంకును కూడా, అతుకులతో సహా, పలచని దానితో మొదలుపెట్టి చాలా రోజులు పరీక్షిస్తున్నాం. ఇవన్నీ ముందే చేయాల్సినవి.

వానలు మొదలయ్యాక సార్ నన్ను ఖమ్మం పంపారు. రెండో ట్యాంకు బాబాయ్ చేస్తాడా అని అడగమని. చెయ్యడనే అనుకున్నాను. ఆయన చేతి మీద చర్మం ముడతలు పడి గులాబీ రంగులో మెరుస్తోంది. ఎడమ చెవి నా వైపు తిప్పి విన్నాడు. చేస్తానన్నాడు. కాకపోతే, పనోళ్ళు పనిముట్టు పట్టకముందు అది ఏం చేస్తదో వాళ్ళందరినీ కూర్చోబెట్టి చూపించాలన్నాడు.

తరువాతి వారం ఆయన షాపులోనే, పలచని పెరాక్సైడ్ ఒక గాజు గ్లాసులో పోసి, ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టి, అందరినీ దూరంగా నిలబెట్టాను. కళ్ళద్దాలు, గ్లవ్స్ వేసుకున్నాను. బ్రష్ దులిపితే రాలిన పొడి, గోటి మీద పట్టేంత, పొడుగాటి గరిటెతో గ్లాసులో వేశాను. కాసేపు ఏమీ కాలేదు. పొడి చుట్టూ మెల్లగా బుడగలు లేచాయి, తరువాత గ్లాసంతా మరిగింది, ఆవిరి లేచి పైకి పొంగి స్టూలు మీంచి కారింది. పనివాళ్ళు ఇంకో అడుగు వెనక్కి వేశారు.

బాబాయ్ ఆ రోజు ట్యాంకు పక్కనే ఉన్నాడు గాని, లోపల ఏం జరిగిందో ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న రేకు డబ్బా మీద కూర్చుండిపోయాడు.

"గింత పొడికేనా?" అన్నాడు.

తల ఊపాను. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఆయన్నే చూస్తోంది. నేను గ్లాసు కడుగుదామని కదిలాను.

"ఆగు బిడ్డా. ఇంకోసారి చెయ్యి," అన్నాడు.

కొత్త గ్లాసు తీసి మళ్ళీ పోశాను. ఈసారి ఆయనే లేచి, బ్రష్ పొడి తన చేత్తో ఒక కాగితంలోకి దులిపి నా చేతికిచ్చి, నేను చూపించిన చోటికి వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.